క్రషర్ గదిలో గంగమ్మ

కొత్త రబ్బరు బూట్ల అట్టపెట్టె విప్పితే ఒక వాసన వస్తుంది. ఘాటుగా, కాస్త కిరసనాయిలు కలిసినట్టుగా గొంతులోకి దిగే వాసన. బాపట్ల దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ పనులు చూస్తాను. ఈ ఉదయం స్టోరు రూములో బూట్ల పెట్టెలు విప్పిస్తుంటే పక్కనున్న అమ్మాయిలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. తలనొప్పిగా ఉందని ఒకమ్మాయి బయటికి వెళ్ళిపోయింది. నాకు తలనొప్పి రాలేదు, కోపం వచ్చింది. ఈ వాసన ఎప్పుడు తగిలినా నాకు ముందు కోపం వస్తుంది, ఆ వెనకే భ్రమరాంబ గారు గుర్తొస్తారు. ఆవిడను ఎరిగినవాళ్ళయితే ఆ రెండూ వేరువేరు ఎలా అవుతాయని అడుగుతారు.

మీరు ఆవిడను ఎరగరు. ఎరిగే దారీ లేదు. పోయినప్పుడు పేపరులో తెనాలి పేజీలో బంధువులు చిన్న ఫోటో వేయించారు. దాని కింద భక్తురాలు, ధార్మికురాలు అని రాయించారు. అబద్ధం కాదు. ఆవిడకు పూజ కానిదే కాఫీ కూడా దిగేది కాదు. అయితే ఆవిడ చేసిన అసలు పని గురించి రాయాలంటే ఆ ఫోటో వేయించినవాళ్ళ గురించీ రాయాల్సి వస్తుంది. అందుకని వాళ్ళు రాయలేదు. నేను రాస్తున్నాను.

నిజాంపట్నం హార్బరు దగ్గర అప్పట్లో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. తరువాత చేతులు మారింది, పేరు మారింది. మాది ఆ హార్బరు పక్కన పల్లె. మా నాన్న బోటు మీద వేటకు వెళ్ళేవాడు. డిగ్రీ అయ్యాక నాకు ఆ ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉద్యోగం దొరికింది. మా పల్లె ఆడవాళ్ళు చాలామంది అక్కడే పనిచేసేవారు. మా అమ్మ చెల్లెలు చిట్టెమ్మ పిన్ని వాళ్ళందరికీ పెద్ద దిక్కు. ఐసు దిమ్మలుగా తయారవుతుంది. బోట్లకు కావలసింది పొడి చేసిన ఐసు. దిమ్మను క్రషర్ అనే మిషనులో పడేస్తే అది నమిలి పొడి చేసి కిందికి పోస్తుంది. ఆడవాళ్ళు దాన్ని గంపలకెత్తి బయట ట్రాలీలో పోస్తారు. కరిగే ఐసు కాబట్టి ఆ గదిలో నేల ఎప్పుడూ తడే. ఆ తడి నేల మీద అందరూ ఉత్త కాళ్ళతోనే తిరిగేవారు.

బూట్లు లేకనే కాదు. ఫ్యాక్టరీ మొదలైన రోజున మా పల్లె పెద్దలు గంగమ్మ పటం తెచ్చి ఆ గది గోడకు తగిలించారు. ఎక్కడ తగిలించారనుకున్నారు? మెయిన్ స్విచ్చి ఉన్న కరెంటు బోర్డు మీద. బోర్డుకున్న చెక్క అంచు దీపం పెట్టడానికి వాటంగా ఉందని అక్కడ తగిలించారు. పటానికి వేసిన పూలదండ స్విచ్చి పిడి దాకా వేలాడేది. షిఫ్టు ఎక్కే ప్రతి మనిషీ గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, పటానికి దణ్ణం పెట్టి, క్రషర్ ఇనుప ఒంటిని అరచేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. తాకినప్పుడు వేళ్ళకు జుమ్మని తగిలేది. దాన్ని మావాళ్ళు అమ్మ పలకడం అనేవారు. పలకని రోజున ముఖాలు చిన్నబోయేవి. కొత్తగా చేరినవాళ్ళ చెయ్యి పట్టుకుని మిషనుకు తాకించి, పలికిందా అని అడిగేవారు. చెప్పులేసుకుని తాకితే మాత్రం పలకదు, అమ్మకు మైల గిట్టదు అని చెప్పేవారు. చెప్పులుంటే ఎందుకు పలకదో బడిలో సైన్సు పాఠం విన్న ఎవరికైనా తెలుసు. నేనొకసారి పిన్నితో ఆ మాట అంటే, నాలుగు పుస్తకాలు చదివేసరికి అమ్మ కూడా కనపడటం మానేసిందేంటే అని నవ్వి గంప నెత్తికెత్తుకుంది.

మావాళ్ళ మీద నాకు కోపం లేదని చెప్పను. ఉంది. కానీ ఓనరు మీద ఉన్న కోపం ముందు అదెంత? ఆయనది తెనాలి. తాతల నాటి పొలాలున్న కుటుంబం, తరువాత వ్యాపారాల్లోకి దిగింది. అప్పుడప్పుడు కారులో వచ్చి, గడప బయట బూట్లు విప్పి, పటానికి భక్తిగా దణ్ణం పెట్టుకునేవాడు. క్రషర్‌ను మాత్రం ఏనాడూ తాకేవాడు కాదు. ఉప్పుగాలి ఎర్తు తీగను తినేసిందని, కొత్త గుంట తవ్వి ఎర్తింగ్ వేయించాలని వైర్‌మన్ ఆయనకు చెప్పాడు. దానికి ఆయన, వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనమెందుకు కాదనాలి అన్నాడట. మా నమ్మకాన్ని ఆయన గౌరవించినంతగా ఇంకెవరూ గౌరవించి ఉండరు. గౌరవానికి ఖర్చు లేదు కదా.

అలాంటి చోటికి భ్రమరాంబ గారు మేనేజరుగా వచ్చారు. ఓనరుకు వరసకు అక్క, పెదనాన్న కూతురు. అంగలకుదురులో వాళ్ళ రైసుమిల్లు ఉన్నన్నాళ్ళూ కూలీలను, లారీలను ఆవిడే చూసుకున్నారు. మిల్లు అమ్మేశాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. సొంత మనిషైతే ఐసు పక్కదారి పట్టకుండా చూస్తుందని ఓనరు ఆలోచన. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడినుంచి బస్సులో వచ్చేవారు. నుదుటిన పెద్ద కుంకుమ బొట్టు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. గేటు దాటకముందే గొంతు వినిపించేది. ఐసు లాగే కొక్కెం నేల మీద వదిలేస్తే అరుపు, బెల్టు మీద మూత తీసి పక్కన పెడితే అరుపు, తడి చేత్తో స్విచ్చి వేస్తే ఇంకా పెద్ద అరుపు. ఐసు పక్కదారి పట్టిందో లేదో ఆవిడ చూసిన గుర్తు నాకు లేదు.

మొదటిరోజే ఆవిడ రబ్బరు చెప్పులతో క్రషర్ గది గడప దాటబోయారు. పిన్ని గంప దించి అడ్డం నిలబడింది.

"చెప్పులు ఇక్కడ విడవండమ్మా. లోపల అమ్మ ఉంది."

"ఉంటే సంతోషిస్తుందిలే, ఒక్కతైనా కాళ్ళు జాగ్రత్త చేసుకుని వచ్చిందని" అని ఆవిడ పిన్నిని తప్పించుకుని లోపలికి వెళ్ళారు. చెప్పులతోనే పటం ముందు నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు. నాకు కూడా ఒళ్ళు మండింది. తెనాలి నుంచి వచ్చిన ఈ పెద్దింటి మనిషికి మా దేవుళ్ళంటే లెక్కలేదనుకున్నాను. అప్పుడు ఆవిడ సంచిలోంచి టెస్టరు తీసి క్రషర్ ఒంటికి ఆనించారు. అందులో ఎర్రటి లైటు వెలిగింది. దాన్ని చూసి ఆవిడ ముఖం మారిపోయింది. నేరుగా ఆఫీసులోకి వెళ్ళి ఓనరుకు ఫోను చేశారు.

ఆ తరువాత రోజూ అదే ఫోను. సీజనులో మిషను ఆపడం కుదరదనేవాడు ఆయన. సీజను లేనప్పుడు చేతిలో డబ్బాడటం లేదనేవాడు. ఒకరోజు ఆవిడ క్రషర్ గదికి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. ఐసు లేక బోట్లు ఆగిపోయాయి. బోట్లవాళ్ళు గేటు దగ్గర గొడవకు దిగారు. వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. ఓనరు ఫోనులో అరిచి తాళం తీయించాడు. ఆవిడ తన సొంత ఖర్చుతో రబ్బరు బూట్లు కొని తెచ్చారు. ఒక్కరూ వేసుకోలేదు. బూట్లేసుకుంటే అమ్మ పలకదు కదా. ఆ పెట్టె ఆఫీసు మెట్ల కింద వాసన కొడుతూ ఉండిపోయింది. నేను రోజూ దాన్ని దాటుకుని వెళ్ళేదాన్ని.

వేట నిషేధం ముగిసి బోట్లన్నీ ఒక్కసారిగా సముద్రం మీదికి కదిలే రోజులు. ఐసుకు ఊపిరాడనంత గిరాకీ. ఆ ఉదయం వాన పడుతోంది. రేకుల సందులోంచి కారిన నీళ్ళు క్రషర్ మోటారు మీద పడుతున్నాయి. షిఫ్టుకు అందరికంటే ముందు పిన్ని వచ్చింది. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, మిషను అంచు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మళ్ళీ రాలేదు. పిన్ని అరవలేదు. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు, ఒళ్ళంతా బిగుసుకుపోయి ఊగుతోంది. నేను గడప దగ్గర ఉన్నాను. దిమ్మలు లాగే ఒకతను పరుగున వెళ్ళి పిన్నిని పట్టుకుని లాగబోయాడు. వెనకనుంచి భ్రమరాంబ గారు వచ్చి అతన్ని రెండు చేతులతో తోసేశారు. అతను వెల్లకిలా పడ్డాడు. ముట్టుకున్నవాడు కూడా పోతాడని అరుస్తూనే ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళారు. స్విచ్చి పిడికి పూలదండ చుట్టుకుని ఉంది. దండను పట్టి లాగేశారు. దాంతోపాటు దీపం కింద పడి పగిలింది. పిడి కిందికి వచ్చింది. మిషను ఆగింది, పిన్ని నేల మీద కూలిపోయింది.

పిన్నికి ఊపిరి ఆడటం లేదు. భ్రమరాంబ గారు ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పిన్ని ఛాతీ మీద వేసి నొక్కడం మొదలుపెట్టారు. నొక్కుతూ తిడుతున్నారు. పిన్నిని, నన్ను, తన తమ్ముడు ఓనరును, వానను, అందరినీ. పిన్ని దగ్గి ఊపిరి తీసుకున్నా ఆవిడ తిట్లు ఆగలేదు. ఆటోలో రేపల్లె ఆసుపత్రికి చేరేదాకా తిడుతూనే ఉన్నారు. పిన్ని బతికింది. అరచెయ్యి కాలిపోయింది. రెండు వేళ్ళు ఇప్పటికీ ముడవవు.

సాయంత్రం నేను పల్లెకు తిరిగివచ్చేసరికి అక్కడ కథ వేరేగా తయారై ఉంది. చెప్పులతో తిరిగే మేనేజరమ్మ అమ్మవారి దండ తెంపింది, దీపం తన్నేసింది, అందుకే అమ్మ ఆగ్రహించి చిట్టెమ్మను పట్టుకుంది అని చెప్పుకుంటున్నారు. కళ్ళతో చూసినవాళ్ళు కూడా అలాగే చెబుతున్నారు. వాళ్ళ కథలో దీపం ముందు పడింది, కరెంటు తరువాత కొట్టింది. అది అబద్ధమని నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఆవిడ జీతం తింటున్నావు కాబట్టి అలాగే అంటావులే అన్నారు. జీతం ఇచ్చేది ఆవిడ కాదు, ఓనరు. ఆ మాట కూడా ఎవరికీ ఎక్కలేదు.

మర్నాడు ఓనరు పళ్ళ సంచితో ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, అమ్మకు కోపం వచ్చిందమ్మా, శాంతి పూజ చేయిద్దాం, డప్పులూ కొబ్బరికాయలూ అన్నీ నా ఖర్చే అన్నాడు. అక్క చేత అందరి ముందూ అమ్మ ఎదుట లెంపలు వేయిస్తానని మాట ఇచ్చాడు. డప్పులకు డబ్బు దొరికింది చూడండి. ఎర్తు గుంటలో పోసే బొగ్గుకు, ఉప్పుకు, ఒక తీగకు ఇన్నాళ్ళూ దొరకని డబ్బు. అటు ఫ్యాక్టరీలో మోటారును ఆరబెట్టి మళ్ళీ అదే మిషను నడిపిస్తున్నారు. పటానికి కొత్త దండ, కొత్త దీపం. వాటి కిందే అదే స్విచ్చి. నాకు ఆ పళ్ళ సంచి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ఆయన వెళ్ళాక భ్రమరాంబ గారు వచ్చారు. ఎలా ఉన్నావని అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని పిన్ని కట్టు వంక చూశారు. పిన్నే నోరు తెరిచి, అమ్మకు ఎందుకు కోపం వచ్చిందో తనకు తెలియడం లేదని, తాను ఏ లోటూ చేయలేదని ఏడుపు గొంతుతో అంది.

"చిట్టెమ్మా, మీ బోటుకు చిల్లి పడి నీళ్ళొస్తాయి. గంగమ్మ లోపలికొచ్చిందని దణ్ణం పెట్టుకుని కూర్చుంటారా?"

పిన్ని తెల్లబోయి చూసింది. "కూర్చుంటే మునిగిపోమా అండి? తోడి పోస్తాం. చిల్లి మూస్తాం."

"మరి అక్కడ తెలివి ఉంది కదా. ఇక్కడేమైంది మీకు?" అన్నారావిడ. గొంతు పైకి లేచింది. నర్సు వచ్చి నెమ్మదిగా మాట్లాడమంది. ఆవిడ నర్సును కూడా కసిరి, లేచి వెళ్ళిపోయారు. పిన్ని మళ్ళీ ఏడవలేదు.

పూజ రోజున ఫ్యాక్టరీ ముందు డప్పులు మోగాయి. పిన్ని అప్పటికి ఇంటికి వచ్చింది. చేతికి కట్టుతోనే వచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడింది. ఓనరు పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. భ్రమరాంబ గారు తలస్నానం చేసి, పసుపు రాసుకున్న పాదాలతో, చెప్పులు లేకుండా వచ్చారు. ఆ ఉత్త కాళ్ళు చూసి చివరికి ఆవిడ కూడా లొంగిపోయారనుకున్నాను. వైర్‌మన్‌ను పిలిచి మెయిన్ ఆపించి, ఆపాడని చూసుకుని గది లోపలికి వెళ్ళారు. గడప ఇవతల మేమంతా గుమిగూడి చూస్తున్నాం. ఆవిడ పటం ముందు హారతి ఇచ్చి, చెంపలు వేసుకున్నారు. నీ దీపం ఆర్పాను తల్లీ, తప్పే, క్షమించు అని పెద్దగా అన్నారు. నటన కాదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను. ఓనరు ముఖం విప్పారింది. ఆడవాళ్ళు కూడా కాస్త మెత్తబడ్డారు.

అప్పుడు ఆవిడ మావాళ్ళ వైపు తిరిగారు. "ఒక తప్పు నాది, దిద్దుకున్నాను. ఇంకో తప్పు మనందరిదీ. తల్లిని తీసుకొచ్చి కరెంటు బోర్డు మీద కూర్చోబెట్టాం."

అంటూనే కొంగు చుట్టి నెత్తిన పెట్టుకుని, పటాన్ని రెండు చేతులతో ఎత్తి దాని మీద ఉంచుకున్నారు. మా అమ్మను నువ్వు ముట్టుకుంటావా అని ఎవరో ముసలామె గట్టిగా అడిగింది. తప్పయితే నాకే తగులుతుంది, మీకు తగలదు అన్నారు ఆవిడ నడుస్తూనే. నెత్తిన అమ్మవారు ఉంటే మావాళ్ళు ఎలా అడ్డుపడతారు? దారి ఇచ్చారు. అలవాటు కొద్దీ డప్పులవాళ్ళు కూడా ఆవిడ వెనకే వాయిస్తూ నడిచారు. గేటు పక్కన వసారాలో, నేల పొడిగా ఉన్నచోట, ముందే కడిగి ముగ్గు వేసిన పీట ఉంది. పటాన్ని దాని మీద నిలిపి, దీపం వెలిగించి, హారతి పళ్ళెం పిన్ని ఎడమ చేతికి ఇచ్చారు. పిన్ని హారతి ఇచ్చింది. అందరూ కళ్ళకద్దుకున్నారు.

ఆవిడ అక్కడినుంచి మెట్ల దగ్గరికి వెళ్ళి, ఆ పెట్టెలోంచి ఒక జత బూట్లు తీసి తొడుక్కున్నారు. పట్టుచీర, కింద నల్లటి రబ్బరు బూట్లు. ఎవరో నవ్వారు కూడా. మెయిన్ వేయించి, అందరినీ గడప దగ్గరే ఆపి, తానొక్కతే వెళ్ళి క్రషర్ ఒంటికి టెస్టరు ఆనించారు. ఎర్రటి లైటు మళ్ళీ వెలిగింది.

"అమ్మ వసారాలో ఉంది. హారతి ఇప్పుడే మీరంతా కళ్ళకద్దుకున్నారు. మరి ఇక్కడ పలుకుతున్నది ఎవరు?"

డప్పులు ఆగిపోయాయి. పిన్ని ఒక్కసారి తన కట్టు వంక చూసుకుని, మెల్లగా నడిచి వెళ్ళి వసారాలో గంగమ్మ పక్కన చతికిలబడింది. పిన్ని వెనక ఒక్కొక్కరే వెళ్ళి కూర్చున్నారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. గంపలు క్రషర్ గదిలో ఎక్కడివి అక్కడే ఉన్నాయి. హార్బరులో బోట్లు ఐసు కోసం ఎదురు చూస్తున్నాయి. అది తెలిసే కూర్చున్నాం.

ఓనరు పట్టుపంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. సొంతవాళ్ళం అయ్యుండి ఇదేంటక్కా, వాళ్ళ నమ్మకంతో ఆడుకుంటావా అని అందరి ముందూ నిలదీశాడు. భ్రమరాంబ గారు ఆ రోజు అరవలేదు. ఓనరుతో ఆవిడ అరవకుండా మాట్లాడినట్టు నాకు గుర్తున్నది ఆ ఒక్కసారే.

"మీ ఇంట్లో ఫ్రిజ్జు జుమ్మంటే ఆ పూటే ఎలక్ట్రీషియన్ వస్తాడు శీనూ. అక్కడ హారతి ఎందుకివ్వవు?"

సాయంత్రానికల్లా ఎర్తు గుంట తవ్వడం, బొగ్గూ ఉప్పూ పోసి పైపు దింపడం, కొత్త తీగ లాగడం అయిపోయాయి. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి కుదరని పని ఒక్క పూటలో కుదిరింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషం కాదు, ఒళ్ళు మంట. ఒక్క పూట పని కోసం మా పిన్ని చెయ్యి కాలాలా? బూట్ల పెట్టె మర్నాటికి ఖాళీ అయింది. గంగమ్మ వసారాలోనే ఉండిపోయింది. లోపలికి వెళ్ళేముందు అక్కడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, బూట్లు వేసుకుని పనిలోకి వెళ్ళడం మావాళ్ళకు కొత్త ఆనవాయితీ అయింది. మిషను మళ్ళీ పలకలేదు. ఎవరూ దాని కోసం బెంగపెట్టుకోలేదు.

కొన్నాళ్ళకు భ్రమరాంబ గారిని పంపేశారు. ఆరోగ్యం బాగుండటం లేదని ఆవిడే మానేసినట్టు చెప్పారు. రేపల్లె స్టేషనులో రైలెక్కించడానికి నేను వెళ్ళాను. ఆ వయసులో ఉండే పెద్దరికం కొద్దీ ఆవిడకు ఒక సలహా ఇచ్చాను. మీరు కాస్త సౌమ్యంగా చెప్పి ఉంటే ఓనరు గారు ముందే వినేవారేమోనండి, ఉద్యోగమూ ఉండేది అన్నాను.

ఆవిడ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నాకు ఇచ్చారు. "మొదటి నెలంతా సౌమ్యంగానే చెప్పానే. నీకు గుర్తుందా?"

నేను ఆలోచించాను. గుర్తు లేదు. అరుపులే గుర్తున్నాయి. అప్పటిదాకా ఆవిడ ఎన్నిసార్లు మామూలు గొంతుతో, బతిమాలుతున్నట్టు చెప్పారో ఒక్కటీ నా బుర్రలో లేదు. నా ముఖం చూసి ఆవిడకు అర్థమైంది. కాఫీ చల్లారిపోతుంది తాగు అన్నారు.

ఆవిడ పోయిన వార్త తెలిసినప్పుడు పిన్ని, మరికొందరు ఆడవాళ్ళు రైల్లో తెనాలి వెళ్ళారు. బాపట్ల నుంచి నేను వెళ్ళి వాళ్ళతో కలిశాను. పెద్ద ఇల్లు, వసారా నిండా తెల్లబట్టల్లో చుట్టాలు. మాకు ఒక మూల చాప వేశారు. ఓనరు వచ్చి మమ్మల్ని పలకరించాడు. వయసు మీద పడింది, గొంతు మెత్తబడింది. మా అక్కకు మీరంటే ఎంతో జాలి అమ్మా, మీ కష్టం చూసి తట్టుకోలేకపోయేది అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని లేచి నిలబడింది. ముడవని ఆ వేళ్ళతో కొంగు సరిచేసుకుంది.

"జాలి కాదు బాబూ. జాలిపడేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు, మీతో సహా. మా కోసం కోపం తెచ్చుకున్నది ఆవిడొక్కతే."

మేం ఆవిడ ఫోటోకు దణ్ణం పెట్టుకుని, పెట్టిన కాఫీ తాగకుండా వచ్చేశాం.

నాకు ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి ఆ కోపమే. ఇప్పుడు నేను పనిచేసే చోట నన్ను వెనకాల ఏమంటారో తెలుసు. రొయ్యలు వలిచే అమ్మాయిలు వేళ్ళు కోసుకుంటే వాళ్ళకు అలవాటేనండి అనేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. జారిపడితే గ్రహచారం అనేవాళ్ళున్నారు. బాగా చదువుకుని, ఏసీ గదుల్లో కూర్చుని, ఎంతో గౌరవంగా అంటారు. నేను కూడా మొదట మామూలు గొంతుతోనే చెబుతాను. ఎవరికీ గుర్తుండదు. ఆ తరువాత గొంతు పెంచుతాను. మొన్నటి మీటింగులో పెద్ద మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచి, మేడం, కోపం కాస్త తగ్గించుకోండి, ఆరోగ్యం పాడవుతుంది అన్నారు. నిజంగా మంచి మనసుతోనే అన్నారు. ప్యాకింగు లైను బెల్టుకు మూత పెట్టించండి సార్, తగ్గిస్తాను అన్నాను. మధ్యాహ్నానికి మూత పెట్టించారు. నేను తగ్గించలేదు. ఇంకా పక్క లైను చూడాల్సి ఉంది.